కాశీలో వదిలిన కాకరకాయ

మేడ్చల్ దాటగానే మా ఆవిడ హారన్ కొట్టడం మొదలుపెట్టింది. ఇరవై రెండు రోజులుగా దేశంలో సగం చుట్టి వస్తూ హారన్ మీద చెయ్యి వేయని మనిషి, మన ఊరి పొలిమేరలో అడుగుపెట్టగానే మన ఊరి మనిషైపోయింది. నేను ఎడమ సీట్లో కూర్చుని, ఎప్పటిలాగే, నా వైపు లేని బ్రేకును కాలితో గట్టిగా తొక్కుతున్నాను.

"ఆ కాలు జర ఊకె ఉంచుండ్రి. బ్రేకు నా దిక్కున్నది," అంది రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే.

"లారీ పక్కకెల్లి వస్తలేదా?"

"వస్తున్నది. నాకు కనబడుతున్నది. మీకు కనబడుతున్నదా?"

నాకు కనబడలేదు. చప్పుడు వినే చెప్పాను. ఆ సంగతి ఆమెకూ తెలుసు కాబట్టి మాట అక్కడితో ఆగిపోయింది.

నేను డ్రైవింగ్ మానేసి ఏడాది దాటింది. మానేశాను అనడం నా గొప్ప కోసం. మాన్పించారు. హైదర్‌గూడలో కళ్ళ డాక్టరు దగ్గర, ఎదురుగా గోడ మీద ఉన్న అక్షరాలన్నీ చివరి వరస దాకా గడగడా చదివేసి, పాసైపోయాననుకుని కూర్చున్నాను. ఆయన ఇంకో మిషన్ దగ్గర తల పెట్టించాడు. చుక్కలు వెలిగినప్పుడల్లా బటన్ నొక్కమన్నాడు. నేను నొక్కినవాటి కంటే నొక్కనివి ఎక్కువట. గ్లకోమా అన్నాడు. ఎదురుగా ఉన్నది సూదిమొనతో సహా కనబడుతుంది. పక్కన ఉన్నది మాత్రం లేనట్టే. మనుషులు నా పక్కకు నడిచి రారు, ఊడిపడతారు. ముప్పై ఏళ్ళు బండి నడిపినవాణ్ణి ఆయన ఒక్క మాటతో దించేశాడు.

ఆ తర్వాత రెండు నెలలకు మా ఆవిడ నారాయణగూడలో డ్రైవింగ్ స్కూల్లో చేరింది. ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. నేను ఎంత వెక్కిరించాలో అంతా వెక్కిరించాను. క్లచ్ వదిలేముందు పైథాగరస్‌ను తలుచుకుంటావా అని అడిగాను. ఆమె రోజూ పొద్దున్నే క్లాసుకు పోయి వచ్చింది. లైసెన్సు వచ్చిన రోజు మాత్రం దాన్ని నా పళ్ళెం పక్కన పెట్టి అన్నం వడ్డించింది.

అప్పుడే మా మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఊళ్ళో ఎక్కడికి పోయినా, దేశంలో ఎక్కడికి పోయినా బండి ఆమెది. మా గేటు ముందు రివర్స్ మాత్రం నాది.

చిక్కడపల్లిలో మా గల్లీ చూసినవాళ్ళకు ఈ ఒప్పందం విలువ అర్థమవుతుంది. కారు పట్టీపట్టనట్టు పట్టే గల్లీ. చివర గోడ. ముందుకు పోయి, గేటు దాటి ఆపి, ముక్కు ఎదురింటి మెట్ల వైపు తిప్పుతూ వెనక భాగాన్ని రెండు స్తంభాల మధ్యలోకి దూర్చాలి. అద్దం మడవాలి. ఒక్క తిప్పు ఎక్కువైనా గోడ, తక్కువైనా స్తంభం. చుట్టాలెవరూ తమ బండిని మా గేట్లో పెట్టే సాహసం చేయరు; తాళం చెవి నా చేతిలో పెట్టి లోపలికి పోయి చాయ్ తాగుతారు. కళ్ళు మూసుకుని పెడతాను అనేవాణ్ణి అప్పట్లో. ఈ మధ్య ఆ మాట కొంచెం ఎక్కువే నిజమైంది.

ఒక సంగతి చెప్పకపోతే ఈ కథ మొత్తం అబద్ధమవుతుంది. మొన్న ఎండాకాలంలో ఒక సాయంత్రం అలాగే రివర్స్ చేస్తుంటే ముందు చక్రం కింద ఫట్‌మని చప్పుడైంది. దిగి చూస్తే చెక్క పీట. ఎదురింటి పెద్దమ్మ రోజూ నాలుగింటికి మెట్ల ముందు వేసుకుని, ఒళ్ళో చాట పెట్టుకుని బియ్యమో మెంతికూరో ఏరుకుంటూ కూర్చునే పీట. ఆమె మంచినీళ్ళు తాగడానికి లోపలికి పోయి ఉంది. ఒక్క గ్లాసు మంచినీళ్ళు. మర్నాడే కోఠికి పోయి కొత్త పీట తెచ్చి, ఏదో ఆటో తొక్కించినట్టుంది పెద్దమ్మా అని ఇచ్చాను. ఆమె చల్లగుండు బిడ్డా అంది. మా ఆవిడ పక్కనే ఉండి అంతా విన్నది. ఇంటికొచ్చాక కూడా ఒక్క మాట అనలేదు. అంటే పోట్లాడేవాణ్ణి, ఆమె అనదు. ఆ రోజు నుంచి నేను రివర్స్ చేసినప్పుడల్లా బండి వెనక వచ్చి నిలబడడం మాత్రం మొదలుపెట్టింది. నేను రివర్స్ చేయడం మానలేదు. అదొక్కటే మిగిలింది నాకు, అదీ ఇచ్చేస్తే బండిలో నేనూ ఒక సామాను సంచినే అనిపించేది.

ఇలాంటి మనిషిని పట్టుకుని మా ఆవిడ ఈ యాత్ర పెట్టుకుంది. నాగపూర్, జబల్‌పూర్ మీదుగా కాశీ, అక్కణ్ణుంచి హరిద్వార్, అమృత్‌సర్. తిరిగి ఝాన్సీ, నాగపూర్ మీదుగా ఇల్లు. మొత్తం ఆమే నడిపింది. నేను దారి చెప్పాను, నీళ్ళ సీసా మూత తీసిచ్చాను, తప్పులు పట్టాను. ఉన్నమాట చెప్పాలంటే ఆమె బాగానే నడుపుతుంది. నాకంటే బాగా అని ఎవరైనా అంటే మాత్రం నేను ఒప్పుకోను.

కాశీకి పోయినవాళ్ళు గంగలో మునిగి తమకు ఇష్టమైన కూర ఒకటో పండు ఒకటో వదిలేసి రావాలని మాలో ఆచారం. వదిలింది మళ్ళీ బతికున్నంతకాలం ముట్టకూడదు. ఘాట్ మెట్ల మీద పండా నన్ను ముందు అడిగాడు. నేను తడుముకోకుండా కాకరకాయ అన్నాను. ఆయన కరేలా అని పలికి, మంత్రం చదివి, నీళ్ళు వదిలించాడు. పుట్టి బుద్ధెరిగాక నేను కాకరకాయ ముట్టలేదు. ఇంట్లో వండితే ఆ వాసనకే బయటి గదిలోకి లేచిపోయేవాణ్ణి.

తర్వాత మా ఆవిడ వంతు. ఆమె కాసేపు గంగను చూసింది. సీతాఫలం అంది.

నేను ఉలిక్కిపడ్డాను. ఈ మనిషి కార్తీకం వచ్చిందంటే పూటకు రెండు సీతాఫలాలు తింటుంది. మా ఇంటి సింకులో ఆ నల్ల గింజలు ఇరుక్కుని నీళ్ళు పోకపోవడం ఏటా జరిగేదే. బట్టలు మార్చుకుని పడవలో కూర్చున్నాక అందుకుంది.

"మీరు ఎన్నడన్న కాకరకాయ ముట్టిండ్రా? గంగమ్మకే టోపీ పెడ్తరా?"

"ఇష్టమున్నదే వదలాలని ఏడన్న రాసి ఉన్నదా?"

"రాసుండాల్నా? ఇష్టం లేనిది వదిలితె అది వదిలినట్టు ఎట్ల అయితది?"

పడవ నడిపేవాడికి తెలుగు రాకపోయినా మొగుడూపెళ్ళాల గొడవ అర్థమైనట్టుంది, నవ్వుకున్నాడు. నేను కూడా నవ్వేశాను. గెలిచాననే అనుకున్నాను.

ఆ గెలుపు ఆఖరి రోజు పొద్దున నిర్మల్ దాటాక పోయింది. రోడ్డు పక్కన గంపల నిండా సీతాఫలాలు పెట్టుకుని ఆడవాళ్ళు కూర్చున్నారు. మా ఆవిడ బండి పక్కకు తీసి ఆపింది. దిగి, ఒక్కో కాయ బొటనవేలితో నొక్కి చూసి, కళ్ళు బాగా విచ్చుకున్నవి ఏరుకుని వచ్చింది. నా ఒళ్ళో పాత పేపర్ పరిచి, ఒక కాయ రెండుగా విప్పి నా చేతిలో పెట్టింది. గుజ్జు ఆమె వేళ్ళకంతా అంటుకుంది. మామూలుగా అయితే నాకివ్వడానికి ముందే ఆ వేళ్ళు నోట్లోకి పోయేవి. ఆమె తలుపు తీసుకుని బయట నిలబడి, సీసాలో నీళ్ళు పోసుకుని, ఒక్కో వేలూ కడుక్కుంది.

"ఒక్కటి తిను. గంగ ఏడున్నది, మనమేడున్నం," అన్నాను.

"మంచిగున్నదా?" అని అడిగింది.

"మస్తున్నది."

"అయితె సాలు. మీరు తినుండ్రి."

మొహంలో బాధ కోసం వెతికాను. లేదు. పెద్ద త్యాగం చేసిన వెలుగు కూడా ఏమీ లేదు. చెయ్యి తుడుచుకుని వచ్చి బెల్టు పెట్టుకుంది. నాకా పండు సగం దాకే దిగింది. మిగతా సగం పేపర్‌లో చుట్టి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను.

అక్కణ్ణుంచి కామారెడ్డి, మేడ్చల్, బోయిన్‌పల్లి. దూరప్రయాణంలో ఆఖరి రోజుకు ఒక గుణం ఉంది. పొద్దున లేవగానే మనం అప్పటికే ఇంట్లో ఉంటాం. బండి మాత్రం వెనక వస్తూ ఉంటుంది. నేనైతే పొద్దున్నుంచీ మా గేటు ముందే ఉన్నాను. స్టీరింగ్ ఎక్కడ తిప్పాలి, ఎంత తిప్పాలి, అద్దం ఎప్పుడు మడవాలి. హరిద్వార్‌లో హారతి చూశాను, అమృత్‌సర్‌లో గురుద్వారా లంగర్‌లో కూర్చుని తిన్నాను, అన్నీ బాగున్నాయి. కానీ సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ఇరవై రెండు రోజులూ నేను లోలోపల ఎదురుచూసింది మా గేటు ముందున్న ఇరవై అడుగుల కోసం.

టాంక్‌బండ్ దిగి, ఇందిరా పార్కు పక్కనుంచి అశోక్‌నగర్‌కు వచ్చేసరికి మూడున్నర దాటింది. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు ఎప్పటిలాగే రోడ్డంతా తమదే అన్నట్టు దాటుతున్నారు. చేతుల్లో పుస్తకాలు, చూపు పుస్తకంలో. మా ఆవిడ ఓపికగా ఆగి, చాయ్ బండి కనబడగానే పక్కకు తీసింది.

"ఇల్లు అయిదు నిమిషాలున్నది. ఇప్పుడు చాయేంది?" అన్నాను.

"ఇంటికి పోతె నేనే పెట్టాలె," అంది.

చాయ్ తాగుతుంటే పక్కన నోటుపుస్తకం చంకలో పెట్టుకున్న ఒక అమ్మాయి మా బండిని చూసింది. అద్దాల మీద తప్ప అంతటా దుమ్మే.

"ఏడికెల్లి వస్తున్నరు అంకుల్?"

"అమృత్‌సర్ నుంచి."

"అమ్మో! గంత దూరం మీరే నడిపిండ్రా?"

"ఇద్దరం నడిపినం," అన్నాను.

మాట నా ప్రమేయం లేకుండానే వచ్చేసింది. మా ఆవిడ చాయ్ ఊదుకుంటున్నదల్లా ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఊదుకుంది. ఆ అమ్మాయి, మా నాయిన కరీంనగర్ బస్సెక్కడానికే పరేషాన్ అయితడు అంకుల్, మీరు గ్రేట్ అనేసి పోయింది. నా చాయ్ ఒక్కసారిగా చల్లారిపోయింది.

బండి కదిలాక అడిగింది.

"ఇద్దరమా?"

"దారి చెప్పింది ఎవరు?"

"దారి ఫోన్ చెప్పింది."

మా గల్లీ మలుపులో ఇస్త్రీ బండి దగ్గర ఆమె ఎప్పటిలాగే ఆపింది. మా పద్ధతి ఏమిటంటే, ఆమె ఇంజన్ ఆపకుండా దిగి వెనక్కు పోతుంది. నేను దిగి, బానెట్ మీద చెయ్యి ఆనించుకుంటూ ముందు నుంచి చుట్టూ తిరిగి స్టీరింగ్ దగ్గరికి వస్తాను. ముందు అద్దంలోంచి గల్లీ అంతా సూటిగా కనబడుతోంది. పెద్దమ్మ తన మెట్ల ముందు, నేను తెచ్చిన పీట మీద, ఒళ్ళో చాటతో కూర్చుని ఉంది. మా బండిని చూసి చెయ్యెత్తింది.

"వచ్చిండ్రా బిడ్డా! ఎన్ని దినాలాయె!"

మా ఆవిడ కిటికీలోంచి చెయ్యి ఊపి, దిగింది. నేను దిగాను. బానెట్ మీద చెయ్యి పెట్టుకుని చుట్టూ వస్తున్నాను. పెద్దమ్మ నన్ను చూసింది. చాట పక్కన పెట్టింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచింది. పీట ఎత్తి చంకలో పెట్టుకుంది. చాట తీసుకుని మెట్లెక్కి లోపలికి పోయి, గ్రిల్ తలుపు దగ్గరికి వేసుకుని, దాని వెనక నిలబడింది.

నేను స్టీరింగ్ తలుపు దగ్గర ఆగిపోయాను.

ఆమె లేచి లోపలికి పోవడం నేను చూడడం అదే మొదటిసారి కాదు. ఎండాకాలం నుంచీ చూస్తూనే ఉన్నాను. పొయ్యి మీద పాలున్నాయేమో అనుకునేవాణ్ణి. సీరియల్ టైమైందేమో అనుకునేవాణ్ణి. ఆమె సరిగ్గా నా ఎదురుగా కూర్చునేది, నా కళ్ళు ఇంకా బాగా పనిచేసే చోట. దీన్ని చూడకపోవడానికి ఏ జబ్బూ అడ్డం రాలేదు. ఎనభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులతో, నేను బండెక్కిన ప్రతిసారీ తన పీట తాను ఎత్తుకుని లోపలికి పోతోంది. ఒక్కనాడూ నన్ను ఒక్క మాట అడగలేదు. నా ఇరవై అడుగుల కోసం ఆమె తన మెట్లు వదులుకుంది. సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి. ఏడుపు కూడా వచ్చింది, దుమ్ము అని చెప్పుకోవడానికి బండి నిండా దుమ్ము ఉంది కాబట్టి సరిపోయింది.

వెనక నుంచి మా ఆవిడ, "ఏమైంది? ఎక్కుండ్రి," అంది.

"నువ్వే పెట్టు."

"కండ్లు తిరుగుతున్నయా?"

"ఏం తిరుగుతలేవు. నువ్వు పెట్టు, నేను ఎనక నిలబడ్త."

ఆమె దగ్గరికి వచ్చి నా మొహంలోకి చూసింది. బడిలో పిల్లలు లెక్క చేసి తెస్తే జవాబు సరే గానీ ఎవరి పుస్తకం చూసి రాశావు అన్నట్టు చూసేది కాబోలు, ఆ చూపు.

"మల్ల రేపు నేను పెడ్త అనొద్దు."

"అనను."

"రేపే కాదు."

"అననన్న గద. ఎక్కు."

గ్రిల్ దగ్గరికి పోయాను. "పెద్దమ్మా, ఆ పాత పీట నేనే తొక్కించిన. ఆటో కాదు."

"నాకెర్క లేదా బిడ్డా? నీ టైరుకు ఇరికిన ముక్క నేనే గుంజి పారేస్తి."

"మరి ఒక్క మాట అనకపోతివి?"

"ఏమనాలె. నువ్వు పీట తెస్తివి, నేను కూసుంటి." నా భుజం మీదుగా బండిలోకి చూసింది. స్టీరింగ్ దగ్గర మా ఆవిడ కూర్చుని అద్దం సరిచేసుకుంటోంది. పెద్దమ్మ గ్రిల్ తీసి, పీట తెచ్చి, మెట్ల ముందు కాదు గానీ పై మెట్టు మీద వేసుకుని కూర్చుంది. కొత్త డ్రైవర్ మీద నమ్మకం అంతవరకే ఉన్నట్టుంది.

మా ఆవిడ బండిని గేటు దాటించి ఆపింది, నేను వెనకకు పోయి నిలబడ్డాను. మా ఊళ్ళో రివర్స్‌కు ఒక భాష ఉంది. డిక్కీ మీద అరచేత్తో మెల్లగా తడుతూ ఉంటే వస్తూ ఉండమని. రెండు దెబ్బలు గట్టిగా పడితే ఆగమని. ముప్పై ఏళ్ళలో ఆ చప్పుడు లోపల కూర్చుని వినడమే గానీ, నేను ఎవరికీ తట్టలేదు.

"రానీ... రానీ... జర రైట్ కొట్టు... ఇంక కొట్టు... అద్దం మలుపు! ఆఁ, రానీ..."

స్తంభం, చక్రం, మధ్యలో జానెడు జాగా. సూటిగా చూడాల్సిన పనే కాబట్టి నా కళ్ళు చక్కగా చూశాయి. అయినా మొదటిసారి 'బస్, ఆగు' అనడం ఒక్క క్షణం ఆలస్యమైంది. బంపర్ స్తంభానికి తగిలి గరగర మంది. లోపల్నుంచి ఆమె తల బయట పెట్టింది.

"జర ముందుగాల చెప్పరాదా?"

"చెప్పిన! నీకు వినబడలే."

నేను చెప్పలేదు. స్తంభం మీద నేను పెట్టిన పాత గీతల పక్కన ఆమె గీత ఒకటి కొత్తగా మెరుస్తోంది. మూడోసారికి బండి లోపలికి వచ్చింది, గోడకు సమానంగా, నేను పెట్టినదానికంటే తిన్నగా. రెండు దెబ్బలు గట్టిగా కొట్టాను. "బస్!" అన్నాను. ఇంజన్ ఆగింది. అప్పుడు గానీ ఆ ఇరవై రెండు రోజుల చప్పుడు చెవుల్లోంచి పోలేదు.

పెద్దమ్మ పళ్ళెంలో పసుపు సున్నం కలిపి ఎర్రనీళ్ళు తెచ్చింది. ముందు బండికి తిప్పింది, తర్వాత మా ఆవిడకు, చివరికి నాకు. నీళ్ళు గల్లీలో పారబోసి, ఇగ లోపలికి పోండ్రి అంది.

మర్నాడు మా ఆవిడ పొద్దున్నే సంచి పట్టుకుని నారాయణగూడ మార్కెట్‌కు పోయి వచ్చింది. మధ్యాహ్నం పళ్ళెం ముందు కూర్చున్నాను. అన్నం పెట్టింది. పక్కన కాకరకాయ వేపుడు పెట్టింది.

"ఇదేంది? కాశీల వదిలేసిన గద దీన్ని."

"అది వదిలినట్టు కాదని ఆనాడే చెప్పిన. మీరు వదిలింది నిన్న, మన గేటు కాడ. ఇగ ఇది తినొచ్చు."

లేచి బయటి గదిలోకి పోదామనుకున్నాను. ఆమె గరిట పట్టుకుని అలాగే నిలబడి ఉంది. సీతాఫలం గుజ్జు కడుక్కున్న వేళ్ళు. ఒక ముక్క అన్నంలో కలుపుకుని నోట్లో పెట్టుకున్నాను.

"ఎట్లున్నది?"

"చేదున్నది."

"ఉంటది," అని ఇంకో గరిట వేసింది.